తరుగు లేని కాంటా

పోయిన వారం స్వర్ణలతను మనం బాబురావు పసుపు దుకాణం ముందు, మార్చి ఎండలో, సగం ఎత్తిన షట్టరు దగ్గర నిలబెట్టి ఎవరి పనుల్లో వాళ్లం పడిపోయాం. పాపం, ఇంకా అక్కడే ఉంది. చేతిలో ఫోను, ఫోనులో లిదియా పంపిన మెసేజు. "ఇయ్యాల తరుగు లేదు వదినె. తార రాకముందే జర జల్ది రా."

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్లకు నాలుగు ముక్కలు చెప్పి లోపలికి పోదాం. ఈ చుట్టుపక్కల కడుపు చిన్నది చేయించుకునే ఆపరేషన్ అయినవాళ్లు నలుగురు ఒక జట్టుగా ఉన్నారు. అంకాపూర్ పసుపు రైతు భోజన్న భార్య స్వర్ణలత, ఆడపిల్లల హాస్టల్ వార్డెన్ లిదియా, పసుపు వ్యాపారి బాబురావు, అందరికంటే చిన్నది తార. తార కమ్మర్‌పల్లి పిల్ల, ఆర్మూర్‌లో ఒక ప్రైవేటు బడిలో టీచరు, ఆపరేషన్ అయి ఏడాది. నలుగురికీ హైదరాబాద్‌లో ఒకే డాక్టరమ్మ చేసింది. ఇళ్లకు పంపేటప్పుడు ఆమె ఒక మాట చెప్పింది. "ఊరికి పోయాక మీలో మీరు కలుస్తూ ఉండండి. ఏం తిన్నారో, ఎంత పెరిగారో దాచకుండా చెప్పుకోండి. ఇంట్లోవాళ్లకు అర్థం కాని బాధలు మీకు మీకే అర్థమవుతాయి." అప్పటినుంచి ఆదివారం ఆదివారం, దుకాణానికి సెలవు కాబట్టి, మధ్యాహ్నం పూట ఇక్కడ చేరుతున్నారు. వరసగా కాంటా ఎక్కుతారు. వారమంతా తిన్నది చెప్పుకుంటారు, దాచుకుని తిన్నదీ చెప్పుకుంటారు. ఆ తర్వాత ఎవరిళ్లకు వాళ్లు. వాట్సాప్‌లో వాళ్ల గుంపు పేరు కాంటా బ్యాచ్.

ఇక తరుగు సంగతి. రైతు బస్తా తెచ్చి కాంటా మీద పెడితే అంకె కనపడే డబ్బా దుకాణదారు వైపే తిరిగి ఉంటుంది. అతనే చదువుతాడు. గోనెసంచికి ఇంత, తేమకు ఇంత, మట్టికి ఇంత అని మనసులోనే తీసేసి, మిగిలింది గట్టిగా కేకేస్తాడు. ఆ కేక పడ్డాక అడిగే ఆనవాయితీ లేదు. బాబురావు మీసాలు రాకముందు నుంచీ చేస్తున్న పని అది. మరి మనుషులు కాంటా ఎక్కితే మాత్రం అలవాటు ఊరుకుంటుందా? "చీర తరుగు ఒక కిలో!" అని మొదటివారం నవ్వులాటకు అన్నాడు. బతుకమ్మ పండగ వచ్చింది, నగల తరుగు వచ్చింది. తలంటుకుని వచ్చిన వారం తడి జుట్టుకూ తరుగు పడింది. అందరూ పడీ పడీ నవ్వారు. స్వర్ణలత అందరికంటే ఎక్కువ నవ్వింది.

ఇవాళ ఆ నవ్వు లేదు. షట్టరు కింద వంగి లోపలికి వచ్చేసరికే ఆమెకు ఆయాసం వచ్చింది. లోపల పసుపు ఘాటు, గోడ పొడుగునా బస్తాలు, పైన కిర్రుమంటూ తిరిగే ఫ్యాను. ప్రార్థన నుంచి నేరుగా వచ్చినట్టుంది, లిదియా తెల్లచీరలోనే ఉంది. బాబురావు బల్ల వెనకాల కూర్చుని, అవసరం లేకపోయినా, తాళంచెవుల గుత్తిని తిప్పుతున్నాడు.

"ఏందే గా మెసేజు?" అంది స్వర్ణలత, చెమట తుడుచుకుంటూ. "తరుగు లేదంటవ్, జల్ది రమ్మంటవ్. నేనేమన్న నీ హాస్టల్ పోరిననుకున్నవా?"

"కూసో వదినె."

"ముందుగాల చెప్పు."

"కూసో అంటున్న గదా. కూసుంటెనే చెప్త."

హాస్టల్లో వందమంది ఆడపిల్లల్ని కూర్చోబెట్టిన గొంతు అది. స్వర్ణలత ప్లాస్టిక్ కుర్చీలో కూలబడింది.

"నిన్న తార వాళ్లమ్మ నా దగ్గరికి వచ్చింది. రత్నవ్వ. బస్సు దిగి సీదా హాస్టల్‌కే వచ్చింది. వాచ్‌మన్ ముంగటనే ఏడ్సుడు మొదలువెట్టింది," అంది లిదియా. "పోరి ఏం తింటలేదట. తల్లి బలిమికి రొండు ముద్దలు తింటే, బాత్రూంల నల్లా ఇప్పి, గొంతుల ఏలు పెట్టుకోని కక్కుతుందట. విటమిన్ గోలీలు ఎప్పుడో మానేసింది. కాళ్లు తిమ్మిర్లు. బడిల మెట్లెక్కాలంటే పిల్లల భుజాలు పట్టుకుంటుందట వదినె."

స్వర్ణలత కాంటా వైపు చూసింది. పోయిన ఆదివారం ఇదే కాంటా మీద తార నిలబడితే, అందరికంటే తక్కువ అంకె వచ్చిందని చప్పట్లు కొట్టింది తనే. బుగ్గలు పీక్కుపోయాయని కనపడింది. కనపడినా కొట్టింది.

"చప్పట్లు కొట్టినం గదనే మొన్న," అంది నీరసంగా.

"కొట్టినం. అందరం కొట్టినం."

"మరి ఎందుకట్ల చేస్తుంది? మంచిగనే తగ్గింది గదా, ఏం బీమారి పుట్టింది దానికి?"

చెప్పాల్సింది చెప్పడానికే వచ్చినా, తీరా నోటిదాకా వచ్చాక మనిషికి ఇబ్బందిగానే ఉంటుంది. లిదియా ఒకసారి బాబురావు వైపు చూసింది. ఆయన తాళంచెవుల్లోంచి తలెత్తలేదు.

"ఆ మధ్య పోరి రొండు కిలోలు పెరిగింది, యాదికుందా? డాక్టరమ్మకు ఫోన్ చేస్తే, ఏడాదికి జర అటిటు అయితది, ఫికర్ చేయకుండ్రి అన్నది. నేనూ చెప్పిన. పోరి వినలె. రాత్రి ఫోన్ల, వాళ్లమ్మ మాట ఎత్తకుంట అడిగిన, ఎందుకు బిడ్డా తింటలేవ్ అని. ఏమన్నదో తెల్సా? 'స్వర్ణక్కకు మూడేండ్లాయె, ఒక్క కిలో పెరగలె. నాకు ఏడాదికే పెరిగింది. అక్కకు కంట్రోల్ ఉంది, నాకు లేదు. తప్పు నాదే మేడం' అన్నది."

స్వర్ణలత చేతిలోని ఫోనును బల్ల మీద బోర్లా పెట్టేసింది.

"గందుకే పిలిచిన నిన్ను," అంది లిదియా. ఆమె గొంతులో కోపం లేదు. రాత్రంతా నిద్రలేని మనిషి గొంతు అది. "నువ్వు పెరిగినవ్ వదినె. జర గాదు, మస్తు పెరిగినవ్. జాకిట్ల కుట్లు రొండుమార్లు ఇప్పించినవ్. పాత గీత ఇంకా కనవడుతుంది సంక దగ్గర. నేను ఆడిదాన్ని గాదా? కండ్లు లేవా నాకు?"

స్వర్ణలత చెయ్యి దానంతట అదే కొంగును భుజం మీదికి లాక్కుంది. మనిషిని నడిబజార్లో పట్టుకున్నట్టయింది. సిగ్గు, దాని వెనకే కోపం. కోపం ఎవరిమీద చూపాలో తెలియక బాబురావు మీదికి తిరిగింది.

"నువ్వు చెప్పు బాబన్నా. కాంటా నీది. వారం వారం నువ్వే గదా చదివేది. ఎంత చదివినవో చెప్పు!"

బాబురావు తాళాలు బల్ల మీద పెట్టేశాడు. ఈయన సంగతి ఒకటి చెప్పాలి. తన తప్పులు చెప్పుకోవడంలో ఈయనంత ధైర్యవంతుడు ఆ నలుగురిలో లేడు. "ఈ వారం మిర్చి బజ్జీలు తిన్న, షరం లేదు నాకు," అని ప్రతివారం చెంపలేసుకునేవాడు. కానీ పరాయివాళ్ల తప్పు దగ్గరికొచ్చేసరికి ఆయన నాలుకకు బరువెక్కువ.

"నా తప్పే చెల్లే," అన్నాడు. "ముందుగాల ఒక కిలో పెరిగినవ్. భోజన్న పటేల్ ఇంటామె, మా దుకాణానికి పాత రైతు, నలుగుర్ల చిన్నబోవద్దని ఒక కిలో తరుగు ఎక్కువ తీసిన. పైవారం మల్ల పెరిగినవ్, మల్ల తీసిన. ఇగ మొదలువెట్టినంక ఏడ ఆపాలె? ఒక్కపారి నిజం కేకేస్తే, ఇన్ని దినాలు నేను చెప్పింది అబద్ధమని తెలిసిపాయె. పెద్ద రైతుల బస్తాలకు తరుగు జర చూసి తీస్తం, అది మా కాడ ఉన్న మర్యాదనే. మనుషులకూ గదే మర్యాద చేసిన."

"నేనడిగిన్నా నిన్ను తియ్యమని?"

"అడగలె. గని వద్దు అని గూడ అనలె."

స్వర్ణలత వద్దనలేదన్నది నిజమే. ఇంట్లో కాంటా మీద ఎనభై అయిదు దాటిన రోజు, ఇక్కడ బాబురావు "డెబ్బై మూడు!" అని కేకేస్తే, ఆ కేక విని ఆమె గుండె కుదుటపడింది. ఈయన పొరపాటు పడ్డాడేమో అని ఒక్క క్షణమైనా అనుకోలేదు. ఆయనకు తెలుసని ఆమెకు తెలుసు. ఆమెకు తెలుసని ఆయనకు తెలుసు. మర్యాదగా ఇద్దరూ ఊరుకున్నారు.

"అయితే ఇప్పుడేమంటరు?" కుర్చీలోంచి లేచింది. "గా పోరి కడ్పు మాడ్సుకుంటే నేను బాధ్యురాలినా? నేనేమన్న కక్కుమన్ననా దాన్ని? నా బతుకు నాకే బేజారైంది, అది ఎవలకన్న కావాల్నా? ఆపరేషన్ చేయించుకోమని నేను ఎవల కాళ్లు మొక్కలె. మీరే నా ఫోటువ ఫ్లెక్సీలేసి, క్యాంపుల్ల మైకిచ్చి మాట్లాడిపిచ్చిండ్రు!"

"నేనెప్పుడు ఏసిన వదినె ఫ్లెక్సీ?"

"ఆపరేషన్‌కు ముందు, ఎనుక అని దవాఖానోళ్లు ఏసిండ్రు. మా ఆయన ఏపిచ్చిండు. ఎవలేస్తేంది!"

అంతవరకు వచ్చాక కోపానికి ఊపిరి చాల్లేదు. మళ్లీ కూర్చుంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఏడుపు అనేంత ఏడుపు కాదు. అలిసిపోయిన ఒంటికి అదొక్కటే చేతనైనట్టు వచ్చాయి, అంతే.

మీరే చెప్పండి, ఆమె మాత్రం ఏం చేస్తుంది? ఏ శుభకార్యానికి పోయినా ముందు ఆమె విస్తట్లోకి చూస్తారు. "గంతేనా తినేది? అయ్యో!" అనేవాళ్లు కొందరు, "మల్ల జర ఒళ్లు చేసినట్టున్నవ్," అని చెవిలో చెప్పి పోయేవాళ్లు కొందరు. భోజన్న చెడ్డవాడేం కాదు. "మా ఆమె ఎంత ఉండె, ఎంతయింది చూసిండ్రా," అని చుట్టాలందరికీ పాత ఫోటో చూపించే మనిషి. ఆ పాత ఫోటోను చూసి చూసి ఆమెకు విసుగొచ్చింది. అందులో ఉన్న మనిషి కూడా తనే కదా, ఆమెను అందరి ముందూ అట్లా నవ్వులపాలు చేస్తుంటే తను పక్కన నిలబడి నవ్వాలి. ఇంత అలసట ఎవరితో చెప్పుకుంటుంది? చెప్పుకోవడానికి పెట్టుకున్న చోటే ఈ కాంటా. ఇక్కడ కూడా చెప్పలేదు.

"ఏం తింటున్నవ్ వదినె?" లిదియా కుర్చీని దగ్గరికి జరుపుకుని అడిగింది. "తిడ్తనని గాదు. చెప్పు."

స్వర్ణలత ముక్కు చీదుకుంది. "కూర తింటే పడ్తలేదే. మా ఆయన అంకాపూర్ కోడికూర తెస్తడు, రొండు ముక్కలకే గొంతు కాడ పట్టేస్తది. జొన్నరొట్టె దిగదు. దిగేది ఏంది? చాయ్‌ల నాన్చిన బిస్కెట్లు. అవి పడ్తయి. ఎన్నైనా పడ్తయి. కడ్పు నిండినట్టు గూడ తెల్వది. అందరు చేన్లకు పోయినంక వంటింట్ల పీట మీద కూసోని మొదలువెడ్త. ప్యాకెట్ అయిపోయిందాంక లేవ. కాయితం పొయ్యిల ఏస్త. మల్ల మాపటికి ఇంకోటి. నన్ను నేను తిట్టుకుంట తింట లిదియా. తిట్టుకునుడు ఆగదు, తినుడు ఆగదు."

చెప్పేశాక ఏదో పెద్ద బరువు దిగినట్టు ఉంటుందంటారు. ఆమెకు అట్లాంటిదేం అనిపించలేదు. ఇంకా అలసటగానే ఉంది. కాకపోతే దాచుకునే పని ఒకటి తగ్గింది.

"నాకు తెల్సి గూడ ఊకున్న," అంది లిదియా. "ఎందుకో చెప్పన్నా? నాకూ పెరిగింది. నీ అంత గాదు గని, పెరిగింది. నీకు ఎక్కువ తరుగు తీసినప్పుడల్లా బాబన్న నాకూ జర కలిపి తీస్తుండె. నీ దాంట్ల నాది దాసుకున్న. ప్రార్థన చేసి వచ్చి గీడ కూసోని అబద్ధమాడిన వదినె, వారం వారం."

అప్పుడు షట్టరు బయట ఆటో ఆగిన చప్పుడైంది.

తార లోపలికి రావడం చూసి ముగ్గురూ లేచి నిలబడ్డారు. కొయ్యకు తగిలించినట్టున్న కుర్తా భుజాల మీంచి జారుతోంది. ఒకప్పుడు రెండు జడలు వేసుకునే జుట్టు ఇప్పుడు ఒక చిన్న క్లిప్పులో ఇమిడిపోయింది. షట్టరు నుంచి బల్లదాకా నాలుగు అడుగుల దూరం, ఆ దూరంలో ప్రతి బస్తానూ ఒకసారి పట్టుకుంది. అయినా ముఖంలో నవ్వు. పరీక్ష బాగా రాసొచ్చిన పిల్ల నవ్వు.

"నన్ను ముందుగాల ఎక్కియ్యుండ్రి అన్నా," అంది బాబురావుతో. "పొద్దుగాలకెల్లి మంచినీళ్లు గూడ తాగలె నేను. ఈ వారం చూడుండ్రి ఎంతొస్తదో."

"ఇయ్యాల నువ్వు ఎక్కేది లేదు బిడ్డా. వచ్చి గీడ కూసో," అంది లిదియా.

నవ్వు చప్పున ఆరిపోయింది. "అమ్మ వచ్చిందా మీ దగ్గరికి?"

"వచ్చింది."

"ఆమెకేం తెల్సు మేడం? ఆమెకు తినుడు ఒక్కటే తెల్సు. నన్ను మల్ల ఎనుకటి లెక్క చేసిందాంక ఆమెకు నిద్ర పట్టదు. బడిల పిల్లలు నన్ను ఏమని పిలుస్తుండెనో మీకు తెల్వదు. మల్ల నేను గట్ల పిలిపించుకోను. చచ్చినా పిలిపించుకోను."

"తారా," అంది స్వర్ణలత.

తార ఆమె వైపు తిరిగింది. ఎంత ఆశగా తిరిగిందంటే, నాకు నువ్వైనా సాయం రా అన్నట్టు. "అక్కా, నువ్వు చెప్పు వీళ్లకు. నువ్వెట్ల ఆపుకుంటున్నవ్? నువ్వు మూడేండ్ల నుంచి..."

"నేను ఆపుకుంటలేను. ఎనభై అయిదు దాటిన నేను. వారం వారం బాబన్న అబద్ధం చెప్పిండు, నేను చెప్పనిచ్చిన. బిస్కెట్లు తింటున్న. దొంగతనంగ తింటున్న. నన్ను చూసి నువ్వు కడ్పు మాడ్సుకోకు."

ఇన్ని నెలలుగా నోరు దాటనిది ఒక్క ఊపిరిలో బయటికొచ్చేసింది. తార కాసేపు ఆమెనే చూసింది. ఆ తర్వాత చిన్నగా నవ్వింది. ఆ నవ్వు చూసి స్వర్ణలతకు నిజంగా భయం వేసింది.

"మంచిగ చెప్పినవక్కా. ముగ్గురు కూసోని అనుకున్నరా గీ మాట? నన్ను తినిపియ్యనీకి నిన్ను నువ్వు చిన్నగ చేసుకోవాల్నా? మా అమ్మ మస్తు నేర్పింది మీకు."

"అబద్ధం గాదే."

"అబద్ధమే. చిన్నపోరికి చెప్పినట్టు చెప్తున్నరు. నేను టీచర్నక్కా, పిల్లలకు నేను చెప్పే అబద్ధాలు గిట్లనే ఉంటయి."

చూశారా తమాషా! ఇన్నాళ్లూ అబద్ధం చెబితే కళ్లకద్దుకుంది. ఇవాళ నిజం చెబితే ముఖాన కొట్టింది. ఇక మాటలతో అయ్యే పని కాదని స్వర్ణలతకు తెలిసిపోయింది. ఈ పిల్ల నమ్మేది ఒక్కటే, అది కాంటా. దాని మీద తనెక్కాలి. ఈ పిల్ల కళ్ల ముందు, ఒక్క కిలో కూడా తీసేయకుండా.

కాంటా ఎక్కడానికి ఎత్తేమీ లేదు, జానెడు. ఆ జానెడు ఎత్తు ముందు ఆమె ఎంతసేపు నిలబడిందో. ఈ అంకె రేపు బడిలో, ఎల్లుండి కమ్మర్‌పల్లిలో, ఆ పైన అంకాపూర్‌లో భోజన్న చెవిన పడుతుంది. ఆడబిడ్డ చెవిన పడుతుంది. ఫ్లెక్సీ మీద ముఖం అట్లాగే ఉంటుంది, కింద నిలబడి నవ్వేవాళ్లు నవ్వుతారు. అవన్నీ కళ్లముందు తిరిగాయి. తార మళ్లీ ఒక బస్తాను పట్టుకుని నిలదొక్కుకోవడం కూడా కనపడింది. పోతే పోయింది ఇజ్జత్ అనుకుంది. చెప్పులు విప్పి ఎక్కింది.

"బాబన్నా, డబ్బా ఇటు తిప్పు."

"చెల్లే..."

"తిప్పమంటున్న గదా!"

బాబురావు రెండు చేతులతో అంకెల డబ్బాను పట్టుకుని తిప్పాడు. వైరు బిగుసుకుంది, ఇంకాస్త లాగాడు. దుకాణం పెట్టినప్పటినుంచి ఆ డబ్బా బయటివాళ్ల వైపు తిరగడం అదే మొదటిసారి. ఆయన మాత్రం అటు చూడకుండా గోడకు తలతిప్పుకున్నాడు. ఎర్రటి అంకెలు కాసేపు అటూ ఇటూ ఊగి నిలిచాయి.

స్వర్ణలత కూడా చూడలేదు. ఎదురుగా గోడకున్న క్యాలెండర్ మీద కళ్లు పెట్టుకుంది. "చదువు తారా," అంది. "గట్టిగ చదువు. లిదియాకు, బాబన్నకు, బయట రోడ్డు మీదోళ్లకు గూడ వినపడాలె."

తార చదవలేదు.

"చదువు బిడ్డా. నేనేం బాధపడ. నువ్వు చదివితేనే నాకు మంచిగైతది. రేపటి సంది నువ్వు నన్ను అడుగు, ఏం తిన్నవక్కా అని. నేను నిన్ను అడుగుత. ఇద్దరం తిట్టుకుందం, ఏడ్సుకుందం, గని దాసుకునుడు బంద్. తింటవా నాతోని? ఒక్క గుడ్డు తిందం, ఇద్దరం చెరి సగం. చదువు తల్లీ."

కోపమొచ్చి ఊరుకుందేమో అనుకుని స్వర్ణలత తల తిప్పింది. తార డబ్బా దగ్గరికి వంగి చూస్తోంది. ముఖం చిట్లించి చూసింది. కొంచెం వెనక్కి జరిగి చూసింది. అరచేత్తో ఒక కన్ను మూసుకుంది, చెయ్యి తీసింది, మళ్లీ మూసుకుంది. బల్ల మీద వాలి ఊపిరి పీల్చుకుంది.

"ఏది చదవాలక్కా?" అంది మెల్లగా. "మీదిదా, పక్కదా?"

"ఏంది మీదిది? ఉన్నది ఒక్కటే డబ్బా గదనే."

"రొండున్నయ్ గదా. నువ్వు గూడ..." తార ఆమె ముఖంలోకి చూసి, ఆమె భుజం పక్కన ఖాళీలోకి చూసి, మాట మింగేసింది.

లిదియా ఒక్క అంగలో వచ్చి తార గడ్డం పట్టి వెలుతురుకు తిప్పింది. "నా ఏలు దిక్కు చూడు. ఇటు. ఇప్పుడు అటు." తార చూడబోయింది. కళ్లు వేలు వెంట పోలేక, నిలవాల్సిన చోట నిలవలేక, గడగడ వణికాయి. ఆపరేషన్ అయినవాళ్లందరికీ డాక్టరమ్మ ఇంటికి పంపే ముందు హెచ్చరించిన సంగతి ఇది. వాంతులు ఆగకుండా, కాళ్లు తిమ్మిరెక్కి, ఒకటి రెండుగా కనపడిందంటే తెల్లారేదాకా ఆగొద్దు అని.

"ఎప్పటికెల్లి గిట్ల కనవడుతుంది?"

"మొన్నటికెల్లి. నీరసానికి అనుకున్న. బోర్డు మీద రాస్తుంటే లైను లైను మీద పడుతుంది."

బాబురావు అప్పటికే షట్టరు పూర్తిగా ఎత్తేసి కారు తాళాల కోసం జేబులు తడుముకుంటున్నాడు. లిదియా డాక్టరమ్మకు ఫోను కలిపింది. నాలుగు మాటలు చెప్పిందో లేదో, అవతలి గొంతు మారిపోయింది. "ఇప్పుడే, ఈ నిమిషమే ఆర్మూర్‌లో దగ్గరున్న దవాఖానకు తీసుకుపోండి. అక్కడి డాక్టరుతో నేను మాట్లాడతాను. ముందు విటమిన్ ఇంజెక్షన్ పడాలి, ఆ తర్వాతే గ్లూకోజు. ఆలస్యం చేస్తే మెదడుకు దెబ్బ, కాళ్లు కూడా మళ్లీ రాకపోవచ్చు." స్పీకర్ పెట్టి ఉంది. ఆ మాటలు అందరికీ వినపడ్డాయి. తారకూ వినపడ్డాయి. కానీ అన్నిట్లోకి తారకు పట్టింది ఒకే ఒక్క మాట.

"గ్లూకోజా?" షట్టరు పక్కనున్న ఇనుప స్తంభాన్ని రెండు చేతులా వాటేసుకుంది. "నేను రాను. సెలైన్లు ఎక్కిస్తరు. ఇంతదాంక చేసిందంత పోతది. నేను రాను మేడం, నన్ను పట్టుకోకుండ్రి!"

లిదియా ఆమె వేళ్లు విప్పబోయింది, కుదరలేదు. ఒంట్లో లేని బలం ఆ పట్టులో ఉంది. బాబురావు కారు ముందుకు తెచ్చి తలుపు తెరిచి పెట్టాడు. రోడ్డు మీద పోయేవాళ్లు ఇద్దరు ఆగి చూస్తున్నారు. స్వర్ణలత కాంటా దిగి చెప్పుల్లేకుండానే వచ్చింది. ఆ అంకెను ఆ రోజు ఎవరూ చదవలేదు.

"నువ్వు చెప్పక్కా," అంది తార. చెంప స్తంభానికి ఆనించి, రెండుగా కనపడుతున్న స్వర్ణలతల్లో ఎవరి వైపు చూడాలో తెలియక కళ్లు మూసుకుంది. "నువ్వే చెప్పు. సెలైన్ ఎక్కిస్తే నేను పెరుగనా? పెరుగ అని చెప్పు, వస్త. నువ్వు చెప్తే వస్త."

లిదియా ఆమె వెనక నిలబడి, చెప్పు, చెప్పు అని చేతులతో సైగ చేసింది. పెరగవని చెప్పు. ఒక్క మాట. కారెక్కితే చాలు, మిగతాది తర్వాత చూసుకోవచ్చు. బాబురావు ముఖంలోనూ అదే ఉంది. స్వర్ణలత నాలుక చివరకు కూడా అదే వచ్చింది. ఎన్ని నెలల అలవాటు, రాకుండా ఎట్లా ఉంటుంది? ఈ ఒక్కసారికి అనుకుంది. బాబురావు కూడా మొదటి కిలో తీసినప్పుడు అదే అనుకుని ఉంటాడని అప్పుడే తట్టింది.

"పెరుగుతవ్," అంది.

"వదినె!" అని అరిచింది లిదియా.

"పెరుగుతవ్ బిడ్డా. సెలైన్‌కు పెరుగుతవ్, మందుకు పెరుగుతవ్, రేపు అన్నం తింటే మల్ల పెరుగుతవ్. ఎంత పెరిగినవో నాకు చెప్పు, నేనెంత పెరిగిన్నో నీకు చెప్త. నేను గూడ కారెక్కుతున్న. దవాఖానల నీ మంచం పక్కకే ఉంట. గంతకు మించి నా దగ్గర ఏం లేదు."

తార కళ్లు తెరిచింది. చాలాసేపు చూసింది. ఆ తర్వాత ఒక్కో వేలూ విప్పి స్తంభాన్ని వదిలేసింది. కారు వైపు ఒక అడుగు వేసింది. రెండో అడుగుకు కాలు లేవలేదు. తార వంగి, ఆశ్చర్యంగా, తన కాలి వైపు చూసుకుంది.

"అక్కా," అంది, "నా కాళ్లు ఏడున్నయో నాకు తెలుస్తలేదు."